పదకొండో వాయి

మాలకొండయ్య అబద్ధాలాడతాడని తాటిగుంటపాలెంలో ఎవరూ అనరు. అంటే అదే పెద్ద అబద్ధమవుతుంది. ఆయన ఉన్నదానికి కాస్త చేరుస్తాడు, అంతే. వానపామును చూసొచ్చి తాచుపామును చూశానని చెప్పే రకం కాదు. వానపామే అంటాడు. కాకపోతే తల మన చేలో ఉంటే, తోక చూడటానికి పక్క మండలానికి బస్సెక్కి పోవాల్సి వచ్చిందంటాడు. వినేవాళ్లు కూడా ఆ బస్సులో కూర్చోవటానికి చోటు దొరికిందా అని అడుగుతారు తప్ప పాము సంగతి అడగరు.

అడిగే మనిషి ఒకతే ఉండేది, ఆయన భార్య వెంగమ్మ. అరుగు మీద ఆయన కథ ఎత్తుకుంటే లోపల్నుంచి మజ్జిగ కవ్వం చప్పుడు ఆగేది. "సగం తగ్గించు" అని ఒక మాట వచ్చేది. మళ్లీ కవ్వం తిరిగేది. ఆయన తగ్గించేవాడు. అలా ముప్పై నాలుగేళ్లు ఆయన పెంచుతూ, ఆమె తగ్గిస్తూ, ఇద్దరూ కలిసి ఇంచుమించు నిజంలోనే బతికారు.

వెంగమ్మ నెయ్యి అమ్ముతుంది. చుట్టుపక్కల ఐదూళ్లలో ఆమె తూకానికి వంక పెట్టిన నోరు లేదు. ఎవరు గిన్నె తెచ్చినా ముందు ఖాళీ గిన్నె తూచి, ఆ బరువు గోడ మీద బొగ్గుతో గీసి, అప్పుడు గానీ నెయ్యి పొయ్యదు. తొందరపడేవాళ్లను చూసి, మీకు కావాల్సింది నెయ్యా, మీ గిన్నెను మీరే కొనుక్కోవడమా అని అడిగేది.

ఊరి బయట, కంకర రోడ్డు మలుపులో, పుష్ప ద్రవ్య పరిశోధనా కేంద్రం అని ఒక పసుపు రంగు మేడ ఉంది. మాలకొండయ్య అందులో ముప్పై ఒక్కేళ్లుగా అటెండరు. అక్కడ ఉన్నవాళ్లంతా డాక్టర్లే గానీ ఒక్కరూ సూది వెయ్యరు. కొత్తలో జ్వరాలొచ్చినవాళ్లు వెళ్లి వరసలో కూర్చుంటే, వాళ్లకి పూల గురించి ఉపన్యాసం చెప్పి పంపించారు. దాంతో కొందరికి జ్వరం నిజంగానే తగ్గిందని మాలకొండయ్య అంటాడు. సగం తగ్గించుకోండి.

ఆ ఏడాది కేంద్రానికి మందార మీద ప్రాజెక్టు వచ్చింది. మందారాకునో పువ్వునో నీళ్లలో పిసికితే జారుడుగా జిగురు దిగుతుంది, ఆడవాళ్లు తలకి రుద్దుకుంటారు. ఆ జిగురుకి కేంద్రంలో పాలీశాకరైడ్లని పేరు. పిసికితే వచ్చేదాన్ని పిసక్కుండా తీయాలన్నది ప్రాజెక్టు. దానికోసం మైక్రోవేవ్ పొయ్యి తెప్పించారు. మంట ఉండదు, పొగ ఉండదు, లోపల పళ్లెం మాత్రం తిరుగుతుంది. ఎంత కరెంటు పెట్టాలి, ఎన్ని నిమిషాలు పెట్టాలి, గ్రాము పొడికి ఎన్ని నీళ్లు పొయ్యాలి అన్న మూడు సంగతులనూ అటూ ఇటూ మార్చి, పదిహేడు రకాలుగా ఉడికించి చూస్తే, ఎక్కడ జిగురు అన్నిటికంటే ఎక్కువ దిగుతుందో తేలుతుంది. సైంటిస్టు హైమవతి గారు వాటిని పదిహేడు రన్నులనేది. మాలకొండయ్యకి క్రికెట్ పడదు. ఇడ్లీలకు వాయి ఎట్లాగో ఇదీ అంతేనని పదిహేడు వాయిలన్నాడు. ఆ మాటే స్థిరపడింది.

పది వాయిలు నిమ్మళంగా అయినాయి. పది గ్రాముల పొడి ఉడికించి, వడగట్టి, స్పిరిట్ పోస్తే జిగురు విరిగిన పాలలాగా తెట్టె కట్టేది. దాన్ని వడపోత కాగితం మీదకు తీసి, ఆరబెట్టి, అద్దాల త్రాసులో తూచేవాళ్లు. ప్రతిసారీ గ్రాముకి కాస్త తక్కువ. ఎనభై పైసలు, తొంభై పైసలు అన్నట్టు, అంతకు మించి కదిలేది కాదు.

పదకొండో వాయికి పూలు అయిపోయాయి. కాంట్రాక్టరు పంపిన గంప విప్పితే అంతా కుళ్లు. మాలకొండయ్యకి ఇంటి ముందున్న మందారచెట్టు గుర్తొచ్చింది. అది వెంగమ్మ చెట్టు. పెళ్లయి వచ్చిన ఏడు పుట్టింటి నుంచి కొమ్మ తెచ్చి నాటుకుంది. ఆ శుక్రవారం అంకమ్మ తల్లికి నూటెనిమిది పూలతో మొక్కు తీర్చుకోవాలని పది రోజులుగా మొగ్గలు లెక్కపెట్టుకుంటూ ఉంది. ఆ సంగతి ఆయనకి తెలుసు. అయినా తన ఇంటి పువ్వు శాస్త్రంలోకి పోతుందన్న గొప్ప ఒకటి ఆయన తలకెక్కింది. బుధవారం తెల్లవారి ఆమె పాలు పిండుతుండగా, చెట్టును దులిపినట్టు విచ్చిన పూలూ రేపటి మొగ్గలూ అన్నీ కోసుకుపోయాడు.

వెంగమ్మ అరవలేదు, తిట్టలేదు. చెట్టు చుట్టూ ఒకసారి తిరిగింది. లోపలికి పోయింది. అంతటితో ఆయనతో మాట్లాడటం మానేసింది.

పూలు రెండు రోజుల్లో ఆరి పొడయ్యాయి. శుక్రవారం హైమవతి గారు తల్లికి కంటి ఆపరేషనని సెలవు పెట్టింది. పదకొండో వాయి మాలకొండయ్య ఒక్కడే చేశాడు. ఇంట్లో రెండు రోజులుగా పలకరింపు లేదు, పళ్లెం ముందుకు తోసేవాళ్లు లేరు, మనసంతా మొండి కొమ్మల మీదే ఉంది. సాయంత్రానికి త్రాసు చూస్తే ఒక గ్రాము తొంభై ఆరు. అంటే పంతొమ్మిది శాతం పైమాట. మిగతావాటికి రెట్టింపుకన్నా ఎక్కువ.

సోమవారం హైమవతి గారు ఆ అంకె కంప్యూటర్లో వేసి బొమ్మ తీసింది. నిండు చెరువులాగా బల్లపరుపుగా ఉన్న చోట నడిమధ్య ఒక మొన లేచి నిలబడింది.

"శిఖరం" అన్నాడు డైరెక్టరు భుజంగరావు గారు. ఆయన 'చేద్దాం' అనే మనిషి కాదు, 'చేయబడుతుంది' అనే మనిషి. కాఫీ తాగాలన్నా, కాఫీ స్వీకరించబడుతుంది అని గోడవైపు చూసి చెప్పేవాడు.

"శిఖరం కాదు సార్, మేకు" అంది హైమవతి గారు. "మళ్లీ చేసి చూద్దాం."

మళ్లీ చేశారు. ఎనిమిది పాయింట్ ఎనిమిది వచ్చింది. అక్కడితో ఆ మేకు పీకేసి ఉంటే ఈ కథ లేదు, రాసి రాసి నాకీ చేతినొప్పీ లేదు. కానీ అదే వారం రాజధాని నుంచి పునరావృత విభాగం వారి సర్క్యులర్ వచ్చింది. "ఏదేని ప్రయోగమునందు ఉత్తమ ఫలితము లభించినచో, తత్సమయమున నెలకొనియున్న సమస్త పరిస్థితులను జతపరచిన నలభై రెండు గడుల పత్రమునందు నమోదు చేయవలెను. నమోదైన పరిస్థితులలో ఏ ఒక్కటి లోపించిననూ తదుపరి ప్రయత్నము ప్రయత్నముగా పరిగణింపబడదు."

భుజంగరావు గారి మొహం వెలిగింది. రెండోసారి రాకపోవడం తప్పు కాదు, అసలది చేసినట్టే కాదన్నమాట. పదకొండో వాయి నాటి పరిస్థితులు సేకరించబడతాయని ప్రకటించి, ఆ రోజు అక్కడున్న ఒకే ఒక్క మనిషిని పిలిపించాడు.

ముప్పై ఒక్కేళ్లలో మాలకొండయ్యని కుర్చీలో కూర్చోబెట్టి మాటలు అడిగింది ఆ రోజే. ఒకరు రాసుకోవటానికి, ఇంకొకరు రాసుకున్నది సరిచూడటానికి. ఆయనకి కళ్లు చెమర్చాయి. వెనక కవ్వం చప్పుడు లేదు. గంటన్నర చెప్పాడు.

ఆ శుక్రవారం దారిలో చెప్పు తెగితే చేత్తో పట్టుకుని వచ్చాడు. దాన్ని ఈయన, శాస్త్రం ముందు చెప్పులేంటని గుమ్మం దగ్గరే విప్పేశానని చెప్పాడు. రాసుకున్నారు. ఇంట్లో పెట్టేవాళ్లు లేక పస్తున్నాడు. దాన్ని ఉపవాసదీక్ష అన్నాడు. రాసుకున్నారు. గిన్నె లోపల పెట్టేటప్పుడు తూర్పు ముఖంగా నిలబడ్డానన్నాడు. పొయ్యి పడమటి గోడకి ఉంది, తూర్పుకి తిరిగితే వీపే దానికి తగులుతుంది. రాసుకున్నారు. పళ్లెం తిరుగుతున్న ఆరు నిమిషాల్లో గోడవతల రాఘవులు గేదె ఒకసారి అరిచింది. మూడుసార్లు అరిచిందనీ, మూడోసారి పొయ్యిలో గిన్నె బదులు పలికిందనీ చెప్పాడు. బదులు పలకడానికి గడి లేదు గనక మూడు అరుపులు మాత్రం రాసుకున్నారు. ఇరవై ఏడో గడి దగ్గర రాసుకునే ఆయన, ఆపరేటరు కుటుంబ వాతావరణం ఎట్లా ఉండినదని అడిగాడు. మాలకొండయ్య ఆ ఒక్కటీ ఉన్నదున్నట్టు చెప్పాడు. మా ఇంటావిడ నాతో మాట్లాడలా, ఆ పొద్దుకి రెండు రోజులాయె.

చెట్టు పేరు, నాటినవారి పేరు, పుట్టింటివారి ఊరు కూడా ఎక్కాయి. చివర పదకొండు మంది సంతకాలు చేశారు.

ఇంకేముంది, పరిస్థితులు కల్పించబడసాగాయి. మాలకొండయ్యని చెప్పులు లేకుండా రమ్మన్నారు. మిట్టమధ్యాహ్నం కంకర మీద ఆయన గంతులు చూసి, దారిన పోయేవాళ్లు అంకమ్మ పూనిందనుకుని దణ్ణాలు పెట్టారు. తూర్పు ముఖం కోసం పడమటి గోడలో ఉన్న ప్లగ్గు పెకలించి తూర్పు గోడలో బిగించారు. దానికి కిటికీ అడ్డమొస్తే కిటికీ పూడ్చారు. ప్రయోగం ఉన్న రోజు క్యాంటీన్‌వాడు ఈయన కనపడితే ఇడ్లీల మీద మూత వేసేవాడు. వాయి వేశారు. ఎనిమిది పాయింట్ ఏడు.

గేదె అరవలేదు కదా అన్నాడు డైరెక్టరు.

రాఘవులుకి శ్రీముఖం వెళ్లింది. గేదెను ఫలానా వేళకి గోడ పక్కన కట్టవలెను. కట్టాడు. అది నెమరు వేసుకుంటూ పడుకుంది. తోక మెలిపెట్టి అరిపించబోతే, అది స్వచ్ఛంద ధ్వని కాదని పునరావృత విభాగం పంపిన పరిశీలకుడు అభ్యంతరం చెప్పాడు. పశువుల డాక్టరును పిలిచారు. ఆయన చూసి, ఆ శుక్రవారం గేదె ఎదకొచ్చి అరిచిందనీ, మళ్లీ ఇరవై ఒక్క రోజులకు గానీ అరవదనీ తేల్చాడు. ఆ వేళ నుంచి కేంద్రంలో క్యాలెండరు రాఘవులు గేదెదే. మీటింగులు, జీతాల బిల్లులు, హైమవతి గారి సెలవులు కూడా దాని ప్రకారమే. గేదెకి సూడి నిలిచిందంటే అరుపే ఉండదు గనక, ప్రాజెక్టు ముగిసేదాకా దాన్ని దున్న దగ్గరికి తోలరాదని తాకీదు ఇచ్చారు. రాఘవులు లబోదిబోమని, నా ఇంట్లో పాడి ఎట్లా గడవాలయ్యా అని మాలకొండయ్య మీద పడ్డాడు. శాస్త్రం కోసం గేదె చేసిన త్యాగమని ఈయన ఏదో సర్దబోతే, త్యాగం చేసేదానికి దానికేం తెలుసు, చేయించింది నువ్వు అన్నాడు రాఘవులు.

ఇంట్లో మాత్రం పరిస్థితి మెత్తబడుతూ ఉంది. మొదటి ఆదివారానికే నీళ్ల చెంబు ఈయన చేతికందేంత దగ్గరకొచ్చింది. మంగళవారం ఉప్పు గిన్నె వచ్చింది. పై వారం గురువారం పొద్దున పళ్లెంలో అన్నం పెట్టి, వెంగమ్మ ఈయన మొహంలోకి చూసి నోరు తెరవబోయింది. సరిగ్గా అప్పుడు గుమ్మంలో కేంద్రం జీపు ఆగింది.

భుజంగరావు గారు స్వయంగా దిగాడు. ఇరవై ఏడో గడి గురించి చెప్పాడు. జాతి పురోగతి నిమిత్తం శ్రీమతి వెంగమ్మ గారి మౌనం కొనసాగించబడవలెనని కోరాడు. ఆమె మొదట నమ్మలేదు. ఆయన పత్రం తీసి చదివి వినిపించాడు. ఇంటి గుట్టు పదకొండు సంతకాలతో సర్కారు కాగితంలో ఉంది. తన పుట్టింటి ఊరి పేరు కూడా ఉంది. ఆమె మొగుడి వంక ఒక్క చూపు చూసింది. మాలకొండయ్య పళ్లెంలో అన్నం మెతుకులు లెక్కపెట్టుకున్నాడు.

"ఎన్నాళ్లు సార్?" అంది.

"ఫలితం పునరావృతమయ్యే పర్యంతం."

"నాకేం కష్టం లేదులే సార్. ముప్పై నాలుగేళ్లు మాట్టాడితే ఏం బాగుపడ్డాడు? యాడ చెయ్యాలో చూపించు, సంతకం చేస్తా."

చేసింది. మాట్లాడకుండా ఉండేదానికి భార్యకి ప్రభుత్వమే అనుమతి ఇచ్చిన మొదటి ఇల్లు తనదేనని మాలకొండయ్య ఆ తర్వాత గొప్పగా చెప్పుకోబోయి, సగంలోనే గేదె సంగతికి మళ్లాడు.

మొదటి నెల ఆయనకి అది పెళ్లికి ముందటి స్వేచ్ఛలాగే ఉంది. అరుగు మీద కూర్చుని ఎత్తుకున్న కథను ఆపేవాళ్లు లేరు. గేదె మూడు అరుపులు తొమ్మిదయ్యాయి. జిగురు ఎంత వచ్చిందంటే, డైరెక్టరు దాని మీద కాలు జారి రోడ్డు దాకా పోయాడు. ఎదురింటివాళ్లు నమ్మారు. పక్కూరివాళ్లు నమ్మారు. ఒకనాడు విలేకరి వచ్చి రాసుకుని పోయాడు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుంటే మాలకొండయ్యకి మొదటిసారి దడ పుట్టింది. తను అన్నదంతా అన్నట్టే నిలబడిపోతోంది. తగ్గించే మనిషి లేదు.

వెంగమ్మ చెట్టుతో మాట్లాడేది. చెంబుతో నీళ్లు పోస్తూ, ఇయ్యాల పప్పులో ఉప్పెక్కువైంది, చూసుకుని తినమను అని చెట్టుకి చెప్పేది. తడి గుడ్డ అరుగు మీద వదిలేసి పోయాడు, చూశావా అని అడిగేది. ఈయన గోడ వెనక నిలబడి వినేవాడు. కొన్నాళ్లకి అదీ పోయింది. చెట్టు కూడా పత్రంలో ఉంది గనక, దానికి కంచె వేసి బోర్డు పెట్టారు. 'ప్రామాణిక మందార. తాకరాదు, సంభాషించరాదు.' ఆ రెండో మాట ఎందుకు చేర్చారంటే, శుక్రవారం నాడు చెట్టుతో ఎవరూ మాట్లాడినట్టు నమోదు లేదట. గేదె ఎదకొచ్చే రోజుకి రెండు రోజుల ముందు కేంద్రం వాళ్లొచ్చి ఉన్న పూలన్నీ కోసుకుపోయేవాళ్లు. అంకమ్మకి ఒక్కటి కూడా మిగిలేది కాదు. ఆకు పసుపు తిరిగింది. ఒక కొమ్మ ఎండింది. వెంగమ్మ కంచె బయట నిలబడి చూసి వెళ్లిపోయేది.

మూడో నెలలో ఒకనాడు హైమవతి గారు కొత్త వడపోత కాగితాల పెట్టె విప్పి, ఒక్కొక్కటీ తూచి అంకె రాసిపెట్టమంది. ఈ మధ్య అన్నీ ఆమె కళ్లముందే తూయిస్తోంది. మాలకొండయ్య తూచాడు. ఒకటి పాయింట్ సున్నా ఏడు. ఒకటి పాయింట్ సున్నా ఎనిమిది. ఒకటి పాయింట్ సున్నా ఏడు. ఆరో కాగితం దగ్గర ఆయన చెయ్యి ఆగింది. పచ్చబొట్టులాగా మనసులో పొడిపించుకున్న ఒకటి పాయింట్ తొంభై ఆరు లోంచి ఒకటి పాయింట్ సున్నా ఏడు తీసేస్తే ఎనభై తొమ్మిది. అన్ని వాయిల్లాగే. మేకు కాదు, శిఖరం కాదు, ఆ శుక్రవారం పరధ్యానంలో కాగితం బరువు తీయడం మరిచాడు. గేదె, తూర్పు, ఉపవాసం, చెప్పులు, మౌనం, ఇన్నీ ఒక కాగితం ముక్క చుట్టూ కట్టిన మేడ.

కాఫీ కప్పు పట్టుకుని డైరెక్టరు గదిలోకి పోయాడు, చెప్పేద్దామనే. భుజంగరావు గారు తలెత్తి, ఏమి మాలకొండయ్యా, నలభై మూడో పరిస్థితి ఏదైనా జ్ఞప్తికి వచ్చినదా అని ఆశగా అడిగాడు. ఆ ఆశ చూడగానే ఈయన కప్పు బల్ల మీద పెట్టాడు. కాఫీ చల్లారుతుంది సార్ అని వచ్చేశాడు. ముప్పై ఏళ్లుగా లేనిదాన్ని ఉందని చెప్పటం అలవాటైన నోరు. ఉందన్నదాన్ని లేదని చెప్పటం దానికి కొత్త. హైమవతి గారికి చెప్పబోతే ఆమె అప్పటికే అన్నిటి మీదా విరక్తి పుట్టి, గేదె పంచాంగం గోడకి అంటిస్తోంది. వెంగమ్మకి చెబుదామనుకున్నాడు. నిజాలన్నీ ఆఖరికి ఆమెకే కదా చెప్పేది. కానీ చెబితే ఆమె తిడుతుంది. తిడితే ఇరవై ఏడో గడి భంగమవుతుంది. పత్రం తిరగేసి చూసుకుంటే, ఏ పక్క నుంచి చూసినా తలుపులు తనే బిగించుకున్నాడు.

అయిదో నెలలో పునరావృత విభాగం ఉపసంచాలకులు గరుడాచలం గారు రాజధాని నుంచి దిగారు. చేతిలో స్టాప్‌వాచి, మెడలో ఇంకొకటి. గేదె రోజు చూసే ముహూర్తం పెట్టారు. ఇంట్లో వెంగమ్మ మౌనంగా ఉన్నదీ లేనిదీ కేంద్రానికి వినపడదు గనక, మౌనాన్ని ప్రత్యక్షంగా పరిశీలించడానికి ఆమెను అక్కడికే రప్పించారు. ప్రయోగశాల మూల స్టూలు వేసి కూర్చోబెట్టారు. ఆమె నెయ్యి చెంబు, త్రాసు సంచీ పక్కన పెట్టుకుని కూర్చుంది. అటు నుంచి అటే సంతకి పోవాలి.

గరుడాచలం గారు పొద్దున్నే ప్రసంగించారు. ఈనాడు ఫలితం పునరావృతమైన పక్షంలో ఈ నలభై రెండు పరిస్థితులూ శాశ్వత ప్రమాణాలుగా స్థిరీకరింపబడతాయి. రాష్ట్రంలోని ఏడు కేంద్రాల్లోనూ ఏడుగురు పాదరక్షలు లేని ఆపరేటర్లు, ఏడు గేదెలు, ఏడుగురు మౌన గృహిణులు నియమింపబడతారు. మూల గృహిణిగా శ్రీమతి వెంగమ్మ గారి మౌనం నిరవధికంగా పరిరక్షింపబడుతుంది. చెట్టుకు కంచె బదులు గది కట్టబడుతుంది.

చప్పట్లు కొట్టారు. మాలకొండయ్య వెంగమ్మ వైపు చూశాడు. ఆమె కిటికీ ఉండాల్సిన చోట పూడ్చిన గోడ వైపు చూస్తోంది.

గిన్నె లోపలికి వెళ్లింది. పళ్లెం తిరిగింది. గోడవతల గేదె ఒకసారి అరిచింది. రెండోసారి అరిచింది. ఐదు నిమిషాల యాభై సెకన్లకి, అందరి ప్రాణాలూ గొంతులో ఉండగా, మూడోసారి కూడా అరిచింది. భుజంగరావు గారు ఎవరో తెలియని మనిషిని కౌగిలించుకున్నాడు. వడగట్టారు, స్పిరిట్ పోశారు, కాగితం మీదకు తీశారు, ఆరబెట్టారు. నాలుగింటికి తూకం.

ఆ శుక్రవారం త్రాసు దగ్గర మాలకొండయ్య ఒక్కడే ఉన్నాడు గనక, ఇప్పుడూ ఒక్కడే ఉండాలన్నారు. మిగతావాళ్లంతా గుమ్మంలో నిలబడ్డారు. ఈయనకి రెండు గజాల దూరంలో స్టూలు మీద వెంగమ్మ. ఖాళీ కాగితం బరువు రాసిన చీటీ జేబులో ఉంది. త్రాసు అద్దం మూశాడు. అంకె నిలబడింది. ఒకటి పాయింట్ తొంభై అయిదు.

చీటీ తీస్తే ఈయన పేరు పోతుంది. తీయకపోతే ఆమె గొంతు పోతుంది. ఏ వెర్రిబాగులవాడికైనా ఎటు మొగ్గాలో తెలిసిపోయే తూకమే. కానీ గుమ్మంలో పదిహేను మంది ఊపిరి బిగబట్టి ఉన్నారు. ముప్పై ఒక్కేళ్లలో ఈయన నోటి వైపు ఇంతమంది ఎన్నడూ చూడలేదు. ఏం చెప్పమంటారు, మన మాలకొండయ్య గొంతు సవరించుకున్నాడు. పెద్ద అంకె చదవటానికే నోరు తెరిచాడు.

"కాయితం బరువు తీశావా?"

ఎవరో పరాయి మనిషి అడిగినట్టుంది ఆ గొంతు. అయిదు నెలలు తన వైపు తిరగని గొంతు అట్లాగే వినపడుతుంది. వెంగమ్మ స్టూలు మీద నుంచి లేచి ఉంది. ఏదో సాధిద్దామని కాదు. తూకం ముందు కూర్చుంటే ఆమె నోటికి ఆ మాట దానంతటదే వస్తుంది.

మాలకొండయ్య అంకె వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు.

"తీయలా" అన్నాడు.

"ఆ పొద్దు?"

"ఆ పొద్దు కూడా తీయలా."

జన్మలో ఆయన చెప్పిన అతి చిన్న కథ అది.

గుమ్మంలో స్టాప్‌వాచి టిక్కుమంది. "పదహారు గంటల రెండు నిమిషములకు ఇరవై ఏడవ నిబంధన ఉల్లంఘింపబడినది" అన్నారు గరుడాచలం గారు. "ఈ ప్రయత్నము ప్రయత్నముగా పరిగణింపబడదు."

భుజంగరావు గారు గోడ పట్టుకుని కూర్చున్నాడు. ఒక్క మాటే కదా సార్, పరిగణించకుండా ఉండబడదా అని బతిమాలాడు. హైమవతి గారు మాత్రం అందర్నీ తోసుకుని లోపలికొచ్చింది. ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

"సార్, ఆవిడ మాట్లాడిందా లేదా కాదు. ఏం మాట్లాడిందో వినండి."

గరుడాచలం గారు పత్రం పై నుంచి కింది దాకా వేలు పెట్టి చూశారు. మాట్లాడినదీ లేనిదీ రాయటానికి గడి ఉంది. ఏమి మాట్లాడినదీ రాయటానికి గడి లేదు. ఆ సంగతే ఓపికగా ఆమెకు వివరించి, జీపెక్కారు.

అందుచేత ఈనాటికీ రికార్డుల్లో పదకొండో వాయే శిఖరం. పంతొమ్మిది పాయింట్ ఆరు. ప్రపంచంలో మందారం నుంచి ఎవరూ అంత జిగురు తీయలేదు, ఆ కేంద్రమూ మళ్లీ తీయలేకపోయింది. కారణం కింద ఒక్క వాక్యం ఉంది: 'ఆపరేటరు భార్య మాట్లాడుట వలన.' భుజంగరావు గారు కొత్త ఆపరేటరు కోసం ప్రకటన వేశాడు. భార్య మౌనముగా నుండు అభ్యర్థులకు ప్రాధాన్యమీయబడును అన్నాడు. దరఖాస్తులు మూడు బస్తాలు వచ్చాయి. భార్యల సంతకాలు కూడా కావాలనేసరికి ఒక్కటీ మిగల్లేదు.

మాలకొండయ్యని త్రాసు పని నుంచి తప్పించి గేటు దగ్గర వేశారు. రాఘవులు గేదె ఇప్పుడు నిండు సూడిలో ఉంది, రాఘవులు కూడా కనపడితే ఈయన్ని పలకరిస్తున్నాడు. కంచె పీకేశారు. బోర్డు కర్ర మాత్రం మందారానికి ఊతంగా ఉంచుకుంది వెంగమ్మ. ఆమె అయిదు నెలల బాకీ మాటలు పన్నెండు రోజులు ఏకబిగిన తీర్చుకుంది. ఆయన ఎదురుగా కూర్చుని, మధ్యలో లేచిపోకుండా, ఒక్కటి కూడా వదలకుండా విన్నాడు. చెట్టు మళ్లీ చిగురు వేసి, మొగ్గ తొడిగి, నూటెనిమిది పూలు కూడటానికి ఇంకో మూడు నెలలు పట్టింది. అవి కూడిన శుక్రవారం పూలు ఆమే కోసింది. గంప ఆయన నెత్తిన పెట్టుకుని, ఈసారి ఎవరూ చెప్పకుండానే చెప్పులు విప్పి, అంకమ్మ గుడిదాకా కంకర మీద నడిచాడు.

ఆ సాయంత్రం అరుగు మీద జనం చేరారు. అసలేం జరిగిందో మొదటి నుంచి చెప్పమన్నారు. ఈయన గొంతు సవరించుకున్నాడు. ఆ రోజు ఉందే, గేదె తొలి అరుపు అరిచిందా, మేడ పునాదులతో సహా జానెడు పైకి లేచింది అని ఎత్తుకున్నాడు.

లోపల కవ్వం చప్పుడు ఆగింది.

"కాయితం బరువు తీసి చెప్పు" అంది వెంగమ్మ.

"వేలెడు లేచింది" అన్నాడు మాలకొండయ్య.

కవ్వం తిరగలేదు.

"అసలు లేవనే లేదు" అన్నాడు.

కవ్వం తిరిగింది.